ఎర రంగు: నమ్మకమెంత, నిజమెంత?

భద్రాచలము వద్ద గోదావరి ఒడ్డునను, ఖమ్మము జిల్లాలోని వైరా, పాలేరు జలాశయముల గట్లపైనను గాలము వేయువారి నడుమ ఎరను గూర్చిన వాదమునకు అంతుండదు. ఎర్రని ఎరయే మేలని ఒకరందురు. పసుపు కలిపిన పిండిముద్దకు సాటి లేదని మరియొకరందురు. నేడు రంగురంగుల రబ్బరు కప్పలు, ప్లాస్టిక్కు చేపలు కూడ అంగళ్లలో దొరకుచున్నవి. ఈ నమ్మకములలో నిజమెంత? పూటకూర కొరకు గాలము వేయువానికి దీనితో పని కలదు. ఋజువు అనగా నేమో నేర్చుకొను విద్యార్థికి అంతకంటెను ఎక్కువ పని కలదు.

రంగు కనబడవలెనన్న ముందు వెలుతురు ఉండవలెను. నీరు అన్ని రంగుల వెలుతురును ఒకే రీతిగా పోనీయదు. స్వచ్ఛమైన నీటిలో ఎర్రని వెలుతురు 3 మీటర్ల లోతున సుమారు మూడవ వంతునకును, 6 మీటర్ల లోతున సుమారు ఎనిమిదవ వంతునకును తగ్గిపోవును. నీలి వెలుతురు మాత్రము అంత దూరములో ఇంచుమించు తగ్గదు. అందుచేతనే లోతైన సముద్రములో ఎర్రని వస్తువు నల్లగా కనబడును. “లోతునకు పోయినకొలది ఎరుపు పనికిరాదు” అను సూత్రము ఇట్లు పుట్టినది.

ఈ సూత్రమును గోదావరికి తెచ్చి అతికించుట మొదటి పొరపాటు. జూలై, ఆగస్టు నెలలలో నది ఒండ్రుమట్టితో నిండి గోధుమవన్నెతో పారును. అడవి వాగులు కుళ్లిన ఆకుల సారమును తెచ్చి కలుపును. ఆ సారము ముందుగా మ్రింగునది నీలి వెలుతురును. మిగులునది పసుపు, ఎరుపు ఛాయలు. అనగా సముద్రములో ముందు మాయమగు రంగే ఇచట కొంత మిగులును! కాని బురద వెలుతురును చెదరగొట్టుట వలన ఏ రంగైనను కొద్ది దూరమునకే కనబడును. సముద్రతీరమున అలలు విరుగుచోట ఇసుక రేగినప్పుడును ఇదియే స్థితి.

ఇక చేపల సంగతి. వాలుగ ఎక్కువగా రాత్రివేళ మేతకు తిరుగును. వాలుగకు, జెల్లకు మూతివద్ద మీసములు కలవు. వానితో అవి మేతను తడవి, రుచి చూచి తెలిసికొనును. అమెరికాలోని ఒక జాతి జెల్ల శరీరముపై లక్షకు పైగా రుచిబుడిపెలు ఉన్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అట్టి చేపకు చీకటిలో రంగు చూపుట దండుగ. కొరమీను సంగతి వేరు. అది కంటితో వేటాడును. అయినను నీటిపై తేలు రబ్బరు కప్పను అది క్రిందినుండి, ఆకాశపు వెలుగునకు ఎదురుగా చూచును. దానికి ముందు తెలియునది నల్లని ఆకారము, నీటి కదలిక. కప్ప వీపుపై వేసిన ఆకుపచ్చ చుక్కలు ముందుగా ఆకర్షించునది కొనువాని కంటినే!

అట్లని చేపలకు రంగు తెలియనే తెలియదనుట మరియొక పొరపాటు. 20వ శతాబ్ది ప్రారంభమున జర్మనీలో హెస్ అను నేత్రశాస్త్రజ్ఞుడు చేపలకు వెలుగునీడల తేడా తప్ప రంగు తెలియదని వాదించెను. యువకుడైన కార్ల్ వాన్ ఫ్రిష్ దానిని ప్రయోగముతో ఖండించెను. ఒక రంగువద్ద మేత దొరకునని చిన్నచేపలకు అలవాటు చేసి, ఆ రంగును అనేక బూడిదఛాయల నడుమ ఉంచెను. చేపలు రంగువద్దకే వచ్చినవి. వెలుగు హెచ్చుతగ్గులే వానికి గురుతైనచో, సమానమైన వెలుగు గల బూడిదఛాయకును అవి మోసపోయి యుండవలెను. ఆయనయే 1923లో, చూపులేని ఒక జెల్ల ఈలకు బదులుగా మేతకు వచ్చునని చూపెను. 1973లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. చేపకు రంగు తెలియును. కాని రంగొక్కటే దానికి ఆధారము కాదు.

ఈ దృష్టితో చూచినచో గట్టుమీది ఋజువులు నిలువవు. పిండిలో పసుపు కలిపినప్పుడు మారునది రంగు మాత్రమేనా? వాసనయు, రుచియు మారును. వానపామును మనవారు “ఎర్ర” అందురు. అది ఎరుపుగా నుండుట నిజమే. కాని అది మెలికలు తిరుగును, వాసన నిచ్చును. చేప వచ్చినది దేనికని ఎట్లు చెప్పగలము? పైగా ఎర్రని ఎరయే మంచిదని నమ్మినవాడు దినమంతయు దానినే వేయును. పడిన చేపలన్నియు దాని ఖాతాలోనే చేరును. వేయని ఎరకు చేప పడదు గదా!

సరియైన పరీక్ష కష్టము కాదు. ఒకే పిండిని రెండు ముద్దలు చేసి, ఒకదానిలో వంటకు వాడు వాసనలేని రంగు కలుపవలెను. గాలములు, బెండ్లు, లోతు ఒకటిగా ఉండవలెను; స్థలమును మాటిమాటికి మార్చవలెను. గాలము వేయు పెద్దల ప్రక్కన కూర్చుండి విద్యార్థులు లెక్క వ్రాసికొన్నచో చాలును. రంగుతో నిమిత్తము లేకున్నను వరుసగా 3 చేపలు రంగు ఎరకే పడుట 8 మార్లకు ఒకమారు జరుగును. 10 చేపలలో 8 లేక అంతకు మించి పడుటయు 18 మార్లకు ఒకమారు సంభవమే. కావున ఒక ఆదివారపు అదృష్టమును సిద్ధాంతము చేయరాదు.

దీనికి ఊరి చెరువే తగినది. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరిననాడు మొదటి ప్రమాద హెచ్చరిక చేయుదురు. అట్టి వరదలో ఒడ్డున నిలుచుటయే అపాయము. కిన్నెరసాని జలాశయములో మొసళ్లు కలవు. అది అభయారణ్యము కూడ.

తేటనీటిలో, పగటివేళ, కంటితో వేటాడు చేపకు రంగు కొంత పనిచేయవచ్చును. బురదనీటిలో, రాత్రివేళ, మీసములతో వెదకు చేపకు దాని పాత్ర స్వల్పము. చేప ఉన్న చోటు, అది మేతకు తిరుగు వేళ, ఎర వాసన, కదలిక—వీనిని గమనించిన పిదపనే రంగు మాట రావలెను. “ఏ రంగు మంచిది?” అని అడుగు విద్యార్థిని “ఏ నీటిలో, ఏ చేపకు, ఏ వేళ?” అని ఎదురడుగు ఉపాధ్యాయుడు వానికి విజ్ఞానపు మొదటి పాఠము చెప్పినవాడగును.