ప్రవాస విద్యార్థికి ‘జీవనయానం’

దాశరథి రంగాచార్యుల ఆత్మకథ ‘జీవనయానం’ ఒక వ్యక్తి చరిత్ర మాత్రమే కాదు. నైజాం ఏలుబడిలోని తెలంగాణపు బాల్యానికి సాక్ష్యం. రచయిత 1928లో మానుకోట ప్రాంతపు చినగూడూరులో జన్మించినాడు. 1948 సెప్టెంబరులో ఆ ఏలుబడి అంతరించేనాటికి ఆయనకు ఇరువదేండ్లు. ఇట్టి గ్రంథాన్ని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలోని తెలుగు విద్యార్థులకు బోధించటం ఎట్లు?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి తెలుగు కుటుంబాలు జీవిక కొరకు అక్కడ స్థిరపడినవి. ఉత్తరాంధ్రం విడిచి వచ్చినవారి సంతతికి దేశముఖు, వెట్టి, గస్తీ నిషాన్ అనేవి అపరిచిత పదాలు. కాని ఇంట తెలుగు, బడిలో వేరొక భాష అన్న స్థితి వారికి నిత్యానుభవం. ఆనాటి హైదరాబాదు రాజ్యంలో ఉన్నత విద్య ప్రధానంగా ఉర్దూలో సాగినదని చెప్పగానే విద్యార్థి తలయూపుతాడు.

అధ్యాపకుడు జాగరూకుడు కావలసినది ఇక్కడనే. ఈ సామ్యం గ్రంథంలోనికి ద్వారం మాత్రమే; గ్రంథార్థం కాదు. పొట్టకూటికై పరభాషా ప్రాంతానికి వలసపోవటం వేరు. సొంతగడ్డమీద సొంత భాషలో సభ జరుపుకొనుటకు సైతం అనుమతి కోరవలసి రావటం వేరు. ఈ భేదాన్ని చెరిపివేసిన బోధన సానుభూతిని పెంచవచ్చును గాని వివేకాన్ని పెంచదు.

ఆ ప్రాంతపు చరిత్రయే ఇందుకు తోడ్పడుతుంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం వెడలగొట్టిన విద్యార్థులలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చినది. నాగపూరు నాడు మధ్యపరగణాలకు రాజధాని. బిలాస్‌పూర్ ఆ పరగణాలలోనిదే. కనుక ఈ కథ అక్కడి విద్యార్థికి పూర్తిగా పరాయిది కాదు.

ఆత్మకథతోపాటు అదే రచయిత నవల ‘చిల్లర దేవుళ్లు’ చదివించటం మేలు. 1971లో అకాడమీ పురస్కారం పొందిన ఆ నవలలో అనుభవం శిల్పానికి లోబడినది. ఆత్మకథలో జ్ఞాపకానికి లోబడినది. బాలుడు చూచినదేది, దశాబ్దాల అనంతరం వృద్ధుడు గ్రహించినదేది అని విడదీయనేర్చినవాడే ఆత్మకథకు పాఠకుడు.

మరొక సంగతి మరువరాదు. రంగాచార్యుల అగ్రజుడు కృష్ణమాచార్యులు నిజామును ఎదిరించి చెరసాల కేగినాడు. ఆయనయే గాలిబు కవితను తెనిగించినాడు. ప్రభుత్వంమీది ద్వేషం ఆ ప్రభుత్వం వాడుకొన్న భాషమీదికి పాకలేదు. పలు భాషలవారు ఇరుగుపొరుగుగా మెలగే రైల్వే పట్టణంలో ఇంతకు మించిన పాఠం లేదు. గ్రంథం ముగించిన విద్యార్థి వెట్టిని అసహ్యించుకొని, ఉర్దూను ప్రేమించగలిగిననాడే బోధన సఫలమైనట్లు.