నీతిచంద్రిక - పునఃపఠనము

చిన్ననాట చదివి మెచ్చిన గ్రంథమును పెద్దవయసున మరల చేతబట్టునప్పుడు రెండు ప్రమాదములు కలవు. నాటి ముచ్చటనే వెదకికొనుచు గ్రంథమును చూడకపోవుట యొకటి. నాటి ముచ్చట యంతయు తెలియనితనమని త్రోసివేయుట రెండవది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక విషయమున మనవారు ఈ రెండింటికిని లోనైనారని నా యభిప్రాయము. మెచ్చినవారు దాని శైలిని మెచ్చిరి. మెచ్చనివారును దాని శైలినే నిందించిరి. నడుమ కథ మరుగుపడినది.

1853లో వెలువడిన ఈ గ్రంథము తెలుగున పంచతంత్రమునకు తొలి రూపము కాదు. దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథుడును దానిని పద్యకావ్యములుగా రచించియుండిరి. రావిపాటి గురుమూర్తిశాస్త్రి సూరికి ముందే వచనమున వ్రాసియుండెను. అయినను తరతరముల తెలుగు బాలురకు పంచతంత్ర మనగా సూరి గ్రంథమే. కాకి యనగా లఘుపతనకము, ఎలుక యనగా హిరణ్యకుడు, నక్క యనగా దమనకుడు. ఈ పేరులు వారి నోట నిలిచినట్లు ప్రబంధనాయకుల పేరులైనను నిలువలేదు. (బెంగాలునుండి అమెరికాకు వెళ్లిన ధనగోపాల ముఖర్జీ తన పిల్లల పుస్తకమున పావురమునకు చిత్రగ్రీవ మనియే పేరు పెట్టినాడు, ఆ పుస్తకమునకు 1928లో అచ్చట న్యూబెరీ పతకము లభించినది. పాత కపోతము చాల దూర మెగిరినది.)

భాషను గూర్చిన వివాదము ప్రసిద్ధమే కావున దానిని విస్తరింపను. సూరి వచనమును బాలురు వ్రాయవలసిన వచనమునకు మేలుబంతిగా నిలుపుట అన్యాయమని వ్యావహారిక భాషావాదులు చేసిన వాదము సరియైనది. గ్రాంథికమున వ్రాసెద మన్న పండితులే దానిని తప్పులేక వ్రాయజాలరని గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు ఉదాహరణములతో నిరూపించినారు. దానికి సమాధానము నేటికిని లేదు. సూరి కాలముననే, 1855లో, సి. పి. బ్రౌను వాడుకభాషలోని తాతాచారి కథలను అచ్చువేయించినాడు. తెలుగు వచనమునకు వేరొక త్రోవ అప్పుడే యుండెనని దీనివలన తెలియుచున్నది. కాని వ్రాయుటకు మేలుబంతి కాదన్నంత మాత్రమున చదువుటకు తగదని తేలదు. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుట వలన నీతిచంద్రికకు నష్టము కలిగినది.

ఇది బాలుర గ్రంథమా యను సందేహ మొకటి కలదు. సూరి తన వ్యాకరణమునకు బాలవ్యాకరణ మని పేరిడినాడు. అందలి సూత్రములను చూచినవా రెవరును పదేండ్ల పిల్లవానికొరకు వ్రాసినవని భ్రమపడరు. మన శాస్త్రకారుల సంప్రదాయమున బాలు డనగా పాలు త్రాగు పసివాడు కాడు. గ్రహించుటకును, గ్రహించినదానిని నిలుపుకొనుటకును శక్తి గలిగి, ఆ శాస్త్రము నింకను చదువనివాడు. తర్కసంగ్రహ వ్యాఖ్యాతలు చెప్పిన ఈ యర్థమే నీతిచం్ద్రికకును తగును. గ్రంథారంభమున విష్ణుశర్మ చేతికి వచ్చిన రాజకుమారులు ఊయెలలోని వారు కారు. త్రోవ తప్పిన యువకులు. రేపో మాపో రాజ్యమేలవలసినవారు. వారికి ఆరునెలలలో లోకము తెలియజెప్పవలెను. కావున ఇందలి జంతువులు పసివారిని నవ్వించుటకు మాటలాడవు. కొలువున, సంతలో, చెరసాలలో, చావుబ్రతుకుల నడుమ మనుష్యులు మాటలాడునట్లు మాటలాడును.

మిత్రలాభమును ఈ దృష్టితో మరల చదివితిని. వల క్రింద నూకలు కనబడినవి. చిత్రగ్రీవుడు సందేహించి, కంకణమునకు ఆసపడి ముసలిపులి నోట బడిన బాటసారి కథ చెప్పినాడు. వృద్ధకపోతము, ఇట్లు సంశయించుచున్నచో ఈ లోకమున తిండియే యుండదని ఆక్షేపించినది. పావురములన్నియు దిగినవి. కథ చెప్పిన చిత్రగ్రీవుడును వానితోపాటు దిగినాడు, వలలో చిక్కినాడు. ఇది నాకు చిన్ననాట తట్టలేదు. పులికథ మాత్రమే జ్ఞాపక మున్నది. దానిని ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెప్పిరో మరచితిని. ఆ కథను విడదీసి చెప్పిన యెడల ఫలితము స్పష్టము: దురాశ దుఃఖమునకు చేటు. కాని గ్రంథమున నున్నచోట నుంచి చదివిన యెడల దాని ఫలితము వేరు. నీతి తెలిసినవాడును, దానిని చక్కగా చెప్పగలవాడును, తనవారందరు దిగుచుండగా తానొక్కడు కొమ్మపై కూర్చుండజాలడు. నీతికథ వలన ప్రయోజన మెంత యను ప్రశ్నను నీతికథల పుస్తకమే తన మొదటి కథతోనే వేసినది.

వలలో చిక్కినపిదప జరిగినదియు గమనింపదగినది. తక్కిన పావురములు వృద్ధకపోతమును నిందింపగా చిత్రగ్రీవుడు అడ్డుపడినాడు. నేను ముందే చెప్పితిని గదా యను మాట అతని నోట రాలేదు. అందరు నొక్కటిగా వలతో నెగిరిరి. హిరణ్యకుడు మిత్రుని కట్లు ముందుగా కొరుకబోగా, తన్నాశ్రయించిన వారి కట్లు ముందు కొరుకుమని చిత్రగ్రీవుడు కోరినాడు. ముందు కథ వలన కాని పని ఈ నడవడి వలన నయినది. చెట్టుపైనుండి ఇదంతయు చూచిన కాకి, విన్న కథ వలన గాక, కన్న చేత వలన మనసు కరగి ఎలుక స్నేహమును కోరినది.

అటుపై వచ్చు చర్చ ఈ గ్రంథమునకు ప్రాణము. నీవు తినువాడవు, నేను తినబడుదానను. మనకు పొత్తెట్లు కుదురునని హిరణ్యకుడు జింకయు నక్కయు గల కథ చెప్పినాడు. ఆ కథలో కాకి క్రొత్తగా వచ్చిన నక్కను నమ్మరాదని హెచ్చరించుచు, పిల్లికి చోటిచ్చి చచ్చిన జరద్గవమను గ్రద్ద కథ చెప్పినది. అప్పుడు నక్క ఇచ్చిన సమాధానము ఆలోచింపదగినది: జింకను తొలుత చూచిననాడు నీవును దానికి తెలియనివాడవే గదా, మీకు స్నేహ మెట్లు కుదిరినది? తర్కమున ఈ మాటకు తిరుగు లేదు. నక్క దుర్మార్గమైనది, దాని యుక్తి మాత్రము నిర్దుష్టము. కాకి హెచ్చరిక ఫలించినది; కాని అది జాతిని బట్టి చేసిన అనుమానమే గాని ఋజువు కాదు. తుదకు ప్రధానకథలో జరిగిన దేమి? హిరణ్యకుడు తాను చెప్పిన కథ నంతటిని ప్రక్కకు నెట్టి, తన్ను తినదగిన కాకితోనే మైత్రి చేసినాడు. ఆ మైత్రి వలననే తాబేలును జింకయు బ్రతికినవి. లోపలి కథలు నమ్మవద్దనుచున్నవి. బయటి కథ నమ్ముట వలననే నడచుచున్నది. పరీక్షలలో అడుగునది లోపలి కథల నీతి; పిల్లవాని మనసున నిలుచునది బయటి కథ. పిల్లవాడే సరిగా చదివినాడని నేడు తోచుచున్నది.

జరద్గవము కథను గూర్చి మరియొక మాట. కన్నులు కానరాని ముసలి గ్రద్ద, దయతో పక్షులు పెట్టినది తిని బ్రతుకుచు వాని పిల్లలకు కావలి కాయుచుండెను. వ్రతముల పేరు చెప్పి చేరిన పిల్లి పిల్లలను తిని ఎముకలను గ్రద్ద తొఱ్ఱలో విడిచి పోయినది. పక్షులు వెదకినవి, ఎముకలు దొరికినవి, గ్రద్దను చంపినవి. విచారణ జరిగినది, సాక్ష్యము కలదు, తీర్పు మాత్రము తప్పు. తప్పని ఆ పక్షులకు ఎన్నటికిని తెలియదు. కులశీలములు తెలియనివానికి చోటీయరాదన్నది దీనికి పాఠము చెప్పువారి తాత్పర్యము. ఈ కథలో నన్ను నేడు కలచినది పిల్లి కపటము గాదు, పక్షుల నిశ్చింత.

ఇక శైలి. సంస్కృత హితోపదేశమున కథ గద్యము, నీతి శ్లోకము. శ్లోకము రాగానే అది పూర్వుల మాట యని వినువానికి తెలియును. సూరి శ్లోకములను గూడ వచనముగానే నడపినాడు. దానివలన సూక్తులు ఎరువు తెచ్చినట్లుండక పాత్రల స్వంతవాక్కులైనవి. ఆ వాక్కులన్నిటికిని వ్యాకరణ మొక్కటే, గాంభీర్య మొక్కటే. పులి ధర్మమును చెప్పినను, చిత్రగ్రీవుడు జాగ్రత్త చెప్పినను, దమనకుడు కొండెములు చెప్పినను భాష ఒక్క తీరుగ నుండును. ఇది లోపమని కొందరందురు, పాత్రోచితభాష లేదందురు. నాటకమున నైనచో ఆ మాట నొప్పుకొందును. కాని ఇచ్చట ఆ యేకరూపతయే కథకు కీలకము. మాటతీరును బట్టి దుష్టుని గుర్తింప వీలులేదు. చేతను బట్టియే గుర్తింపవలెను. నేటి సులభరూపములలో నక్కకు నక్కమాటలు పెట్టుదురు. అది నోరు విప్పినతోడనే పిల్లవానికి తెలిసిపోవును. జింకకు మాత్రము తెలియదు. అప్పుడు జింక తెలివిమాలినదై తోచును. సూరి చేతిలో జింకతోపాటు చదువరియు మోసపోవును. వ్యావహారికము నెడ నాకు గల పక్షపాతము ఎంతటిదైనను ఈ గుణమును గ్రాంథికమునకు ఈయకతప్పదు.

మిత్రభేదము పెద్దవారు మరల చదువవలసిన భాగము. సింహమునకును ఎద్దునకును మైత్రి కూర్చినవాడు దమనకుడే. దానివలన తనకు చోటు తగ్గగా దానిని చెరచినవాడును దమనకుడే. కరటకుడు తప్పని చెప్పినాడు గాని అడ్డుపడలేదు. ఇట్టి సజ్జనులను ప్రతి కొలువునందును చూడవచ్చును. పింగళకుడు సంజీవకుని చంపి దుఃఖించినాడు. దమనకుడు రాజధర్మము చెప్పి ఓదార్చినాడు. వానికి శిక్ష లేదు. పుణ్యపాపముల లెక్క సరిపెట్టుట బాలసాహిత్యమునకు లక్షణమనువారు ఈ ముగింపునకు ఏమి చెప్పుదురో తెలియదు. నీతి యను పదమునకు మనము నేడు వాడు అర్థమునకును, రాజనీతి యన్నప్పటి అర్థమునకును గల దూర మిచ్చట బయటపడుచున్నది.

హితోపదేశమున మిత్రలాభము, సుహృద్భేదము, విగ్రహము, సంధి యని నాలుగు భాగములు. పంచతంత్రమున భేదము ముందు, లాభము తరువాత. సూరి హితోపదేశపు వరుసను గైకొని రెండు భాగములతో నిలిపివేసినాడు. ఈ నిలుపుదల ఫలిత మెవరును ఎంచినట్లు లేదు. మైత్రి కూడుటతో మొదలై మైత్రి చెడుటతో ముగియు గ్రంథము మన బాలుర చేతికి వచ్చినది. వ్యాకరణమున సంధి పరిచ్ఛేదమును అంత శ్రద్ధతో కూర్చిన సూరి, కథలో సంధి వరకు రాలేదు. కందుకూరి వీరేశలింగముపంతులుగారు విగ్రహమును, సంధిని రచించిరి. కొక్కొండ వేంకటరత్నముపంతులుగారును విగ్రహమును రచించిరి. అవి సూరి గ్రంథమువలె జనుల నాలుకపై నిలువలేదు. పాఠశాల విడిచిన తెలుగువాని జ్ఞాపకమున పంచతంత్రము సంజీవకుని చావుతోనే ఆగియున్నది.

నేడు పిల్లలకొరకు వచ్చు సంక్షిప్తములు ఒక్కొక్క కథను వేరుచేసి, బొమ్మ వేసి, చివర ఒక నీతివాక్యమును చేర్చుచున్నవి. ఏడెనిమిదేండ్ల వారికి అవి చాలును, వానిని నిందింపను. కాని పదునాలుగు పదునైదేండ్లు వచ్చినవారికి మూలగ్రంథమునే ఈయవలెను, కథలో కథను చెడగొట్టక ఈయవలెను. అర్థములు పుట అడుగున నుండవలెను. చివర తాత్పర్యము వలదు. ప్రతి లోపలికథకు ఎదుట, అంచున, దానిని చెప్పుచున్న దెవరో, వినుచున్న దెవరో అచ్చువేసినచో చాలును. ముసలిపులి కథకు ఎదుట చిత్రగ్రీవుని పేరు కనబడవలెను; రెండు పుటలు త్రిప్పగానే అతడు వలలో కనబడును.