అదే మాట మేమంటే గద్దారీ

యుద్ధం వద్దనే మాటకు కూడా మన దేశంలో మతం ఉంది. ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసి గానీ దాని అర్థం తేల్చరు.

2003నే తీసుకోండి. మార్చిలో అమెరికా ఇరాక్ మీద పడ్డది. ఏప్రిల్‌లో లోక్‌సభ ఆ దాడిని తప్పుపడుతూ తీర్మానం చేసింది. ఏ మాట వాడాలని బేరసారాలు నడిచి, చివరికి ‘నింద’ అనే హిందీ మాట దగ్గర రాజీ కుదిరింది. (ఖండించినట్టూ ఉండాలి, అమెరికాకు నొప్పి తగలకుండానూ ఉండాలి!) ఆ తర్వాత అమెరికా ఒక డివిజన్ సైన్యాన్ని, అంటే సుమారు 17 వేల మందిని పంపమని అడిగింది. అధికార పార్టీ పెద్దల్లోనే కొందరు పంపుదామన్న వైపు మొగ్గారు. జూలై 14న వాజపేయి ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపేది లేదని తేల్చేసింది. ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టిన వాళ్లలో మా పాలమూరు ఎంపీలిద్దరూ ఉన్నారు. మహబూబ్‌నగర్ ఆయన బీజేపీ, నాగర్‌కర్నూలు ఆయన బయటి నుంచి మద్దతిచ్చిన తెలుగుదేశం. సైన్యాన్ని పంపనందుకు వాళ్ల దేశభక్తిని ఎవరు శంకించారు? శంకించాల్సిన పనీ లేదు. అది మంచి నిర్ణయం.

అదే మాటను గద్వాలలో జుమ్మా నమాజు అయినంక ఓ దూదేకులాయన అంటే? ‘నీ మనసంతా ఆడనే ఉంది’ అంటారు. వాజపేయి అంటే దేశహితం, ఆయనంటే మతాభిమానం. ఈ ముక్కను నేను ఉర్దూలో రాస్తే ‘అదమ్ మదాఖలత్’ అని చదువుతారు. తెలుగులో రాస్తే ముందు నా పేరు చదువుతారు.

సంప్రదాయవాదుల ఈ వాదాన్ని నేను తక్కువ చేయను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది మన సామెతే. అమెరికాలో పాట్రిక్ బ్యుకానన్ 1991 గల్ఫ్ యుద్ధాన్ని వ్యతిరేకించాడు. 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానాన్ని ప్రతినిధుల సభలో కాదన్న రిపబ్లికన్లు ఆరుగురే. అందులో రాన్ పాల్ ఒకడు. పరాయి దేశంలో యుద్ధమంటే ఇంట్లో పన్నులు పెరుగుతాయి, సర్కారు పెరుగుతది, జనం స్వేచ్ఛ తరుగుతది అని వాళ్ల లెక్క. లెక్క సరైందే. కానీ సైన్యాన్ని బయటికి పంపొద్దన్న ఆ బ్యుకాననే బయటోళ్లను లోపలికి రానీయొద్దన్నాడు. గీత లోపల ఉన్నవాడే మనిషి. బాంబు కింద చచ్చేవాడు ఆ లెక్కలో ఆఖరున వస్తాడు.

మన దగ్గర ఆ గీత కూడా నిలకడగా ఉండదు. మా గురించి ఏ అరబ్బు దేశమో నోరు విప్పితే ‘ఇది మా ఆంతరంగిక వ్యవహారం’ అంటారు. 2019లో పౌరసత్వ సవరణ చట్టం తెచ్చేటప్పుడు మాత్రం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్‌లలోని మైనారిటీల బాధ మన పార్లమెంటు సొంత బాధయింది. అది తప్పనడం లేదు. బాధితుణ్ణి ఆదుకోవాల్సిందే. అయితే ఆ జాబితాలో ఆరు మతాలుండి, ఒక్క మతం ఎందుకు లేదు?

మా వాళ్లకూ ఓ మాట చెప్పాలి. 1991లో సద్దాం బొమ్మలు పెట్టుకున్నోళ్లు, పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నోళ్లు ఉన్నారు. అంతకు ముందటేడు కువైట్ మీద పడ్డది ఎవరు? అది మదాఖలత్ కాదా?

బయటి నుంచి ఎవరో వచ్చి ఆదుకుంటారన్న ఆశ ఎంత ఖరీదైందో ఈ గడ్డకు తెలుసు. 1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. రజాకార్లు ఊళ్ల మీద దౌర్జన్యాలు చేస్తూ పాకిస్తాన్ వైపు చూశారు. సెప్టెంబర్ 11న జిన్నా పోయాడు. 13న భారత సైన్యం వచ్చింది. దానికి ‘పోలీస్ చర్య’ అని పేరు పెట్టారు, ఇంటి సంగతి అన్నట్టు. మండలి 16న పారిస్‌లో కూచుని వింటుంటే ఇక్కడ పని దాదాపు అయిపోయింది. 22న నిజాం ఫిర్యాదు వాపస్ తీసుకున్నాడు. 1950లో రాజప్రముఖ్ అయ్యాడు.

మా ఊళ్ల మీద దగ్గరి పెత్తనం గద్వాల, వనపర్తి రాజులది. వాళ్లు నిజాంకు పేష్కష్ కట్టేవాళ్లు. దూదేకులాయనకు, ఫకీరుకు ఆసఫ్‌జాహీ తఖ్తులో వాటా ఎక్కడిది? అయినా రాజ్యం పోయినంక దెబ్బ పడ్డది హైదరాబాద్ రాజ్యమంతటా ఊళ్లలో ఉన్న అట్లాంటోళ్ల మీదే. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చచ్చినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టును సర్కారు దశాబ్దాల పాటు జనానికి చూపలేదు.