వీరగాథలో లోపించిన లెక్క

దీర్ఘవ్యాధిగల క్రీడాకారుడు పెద్ద పందెమును ముగించినపుడు పత్రికలలో వచ్చు కథనములు ఇంచుమించు ఒకే అచ్చులో ఉండును. “వ్యాధిని జయించిన వీరుడు”, “సంకల్పబలమునకు లొంగిన జబ్బు” అని శీర్షిక. దాని క్రింద పతకముతో నవ్వుచున్న ఛాయాచిత్రము. ఉదయము ప్రార్థన సమయమున ఉపాధ్యాయులు దానిని చదివి వినిపింతురు. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఉద్దేశము మంచిదే. కాని విజ్ఞానశాస్త్ర దృష్టితో చూచినచో ఇట్టి కథనములలో ఒక పెద్ద లోపము కలదు. ఆ మనుష్యుడు పందెమును ఎట్లు ముగించెనో వాటిలో ఉండదు. ఇది రచనకు మాత్రమే చెందిన లోపము కాదు. కథనమును నమ్మిన పిల్లవాని ప్రాణమునకు కూడ చెందినది. కనుక దానిని కొంచెము పరిశీలింపవలసి యున్నది.

ఇట్టి కథనములకు ఎక్కువగా తావిచ్చు పందెము ట్రయథ్లాన్. ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని నడుమ విశ్రాంతి లేక వరుసగా చేయుట దీని నియమము. 1974లో అమెరికాలోని శాన్ డియాగో నగరమున ఈ పేరుతో పందెము జరిగెను. 1978లో హవాయి దీవులలో “ఐరన్‌మాన్” అను దీర్ఘమైన పందెము ఆరంభమయ్యెను. అందు ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180 కిలోమీటర్లు, పరుగు 42.2 కిలోమీటర్లు. తొలిసారి 15 మంది బయలుదేరగా 12 మంది ముగించిరి. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సులో ఈ క్రీడకు స్థానము లభించెను. అచ్చట దూరములు 1.5, 40, 10 కిలోమీటర్లు. ఐరన్‌మాన్‌లో సగము దూరముగల పందెము 2019లో గోవాలో కూడ జరిగెను.

ఈ దూరములను మన ప్రాంతపు కొలతలో ఊహింపవచ్చును. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు ఇంచుమించు 40 కిలోమీటర్లు. ఆ దారిలో సైకిలుపై రెండుమార్లు పోయి వచ్చినను 180 కిలోమీటర్లకు ఇంకను కొంత కొరతయే. అటుపిమ్మట సైకిలు దిగి అదే దారిని ఒకమారు పరుగెత్తవలెను. వీటన్నిటికి ముందు ఈత ముగిసి యుండవలెను.

ఇంత శ్రమకు శక్తి ఎక్కడ నుండి వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్న వారిలో తెలుగువాడు ఒకరు కలరు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేయుచు, కండరములో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమున్నదని 1927లో చూపిరి. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కూడ కండరము నుండి వేరుచేసిరి. కండరము సంకోచించునపుడు ఖర్చగు నాణెము ఏ.టి.పి. దానిని వెంటనే తిరిగి నింపునది ఫాస్ఫోక్రియాటిన్. కాని తీవ్రమైన పరుగులో ఆ నిలువ కొన్ని సెకండ్లకే సరిపోవును. తరువాత కండరములోని గ్లైకోజన్, రక్తములోని గ్లూకోజు, క్రొవ్వు ఆ పనిని పూనుకొనును.

సుబ్బారావుగారి జీవితము మన చర్చకు మరియొక విధముగా కూడ ఉపకరించును. యువకుడుగా నున్నప్పుడు ఆయనకు స్ప్రూ అను దీర్ఘమైన గ్రహణి వ్యాధి సోకెను. ఆ వ్యాధిచేతనే ఆయన సోదరులిద్దరు మరణించిరి. ఆయనను బ్రతికించినది మనోబలము మాత్రమే కాదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స. తరువాత 1940 దశకములో ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. స్ప్రూ రోగులలో కలుగు రక్తహీనతకు అది మందు. జబ్బు తనను ఎంత బాధపెట్టినదో చెప్పుకొనుటతో ఆయన ఆగలేదు. ఆ జబ్బులో దేహమునకు కొరవడినదేమో కనుగొనుటకు పాటుపడిరి. మన కథనములలో లోపించినది ఈ దృష్టియే.

ఇప్పుడు మధుమేహమును ఉదాహరణముగా తీసికొందము. పెద్దవాని దేహములో రక్తము ఇంచుమించు 5 లీటర్లు. ప్రతి 100 మిల్లీలీటర్లలో 90 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉన్నదనుకొన్నచో మొత్తము నాలుగున్నర గ్రాములు మాత్రమే. అనగా ఒక చిన్న చెంచాడు! దీర్ఘమైన పందెములో కండరములు గంటకు పదుల గ్రాముల చక్కెరను వాడుకొనును. కనుక కాలేయము తన నిలువ నుండి నిమిష నిమిషమునకు గ్లూకోజును రక్తములోనికి విడుదల చేయుచుండవలెను.

ఆరోగ్యవంతుడు పరుగు ప్రారంభింపగానే అతని క్లోమము ఇన్సులిన్‌ను తగ్గించును. ఇన్సులిన్ తగ్గుటచేత కాలేయము గ్లూకోజును విడిచిపెట్టును. మొదటి రకపు మధుమేహము గలవాని క్లోమము ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయదు; అతడు దానిని సూదిద్వారానో పంపుద్వారానో తీసికొనవలెను. చర్మము క్రిందికి ఒకసారి పోయిన ఇన్సులిన్‌ను వెనుకకు తీయుటకు వీలులేదు. అది కాలేయమును అడ్డగించుచుండును. మరియొక ప్రక్క, పనిచేయుచున్న కండరము ఇన్సులిన్ సహాయము లేకయే గ్లూకోజును లోనికి లాగుకొనును. వచ్చుబడి తగ్గి ఖర్చు పెరిగిన కొట్టువలె రక్తములోని చక్కెర పడిపోవును. 70 మిల్లీగ్రాముల కంటె తగ్గినచో చెమట, వణుకు, తికమక. ఇంకను తగ్గినచో స్పృహ తప్పుట. అంతేకాదు, ఖాళీయైన కండరములు తిరిగి గ్లైకోజన్‌ను నింపుకొనుచుండుటచేత ఆ రాత్రి నిద్రలో కూడ చక్కెర పడిపోవచ్చును. అయితే కొద్దిసేపటి తీవ్రమైన పరుగులో అడ్రినలిన్ ప్రభావమున చక్కెర పెరుగుటయు కలదు. సంకల్పబలము ఈ లెక్కలో ఏ అంకెను మార్చలేదు.

మరి విజయము పొందినవారు ఏమి చేసిరి? క్రికెట్ ఆటగాడు వసీం అక్రమ్‌కు 1997లో మధుమేహము బయటపడెను. ఇన్సులిన్ తీసికొనుచునే 2003 ప్రపంచకప్పులో ఏకదిన పోటీలలో 500 వికెట్లు పూర్తిచేసెను. బ్రిటిషు పడవ పందెగాడు స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు కూడ 1997లోనే ఈ వ్యాధి తెలిసెను. 2000లో సిడ్నీలో అతడు అయిదవ ఒలింపిక్ స్వర్ణమును గెలిచెను. అమెరికా ఈతగాడు గేరీ హాల్‌కు 1999లో మధుమేహమని తెలిసినపుడు వైద్యులు అతని క్రీడాజీవితము ముగిసినదనిరి. 2000లోను 2004లోను 50 మీటర్ల ఈతలో అతడు స్వర్ణములు సాధించెను. వీరిలో ఎవరును జబ్బును జయింపలేదు. పతకము గెలిచిన మరునాడు కూడ ఇన్సులిన్ తీసికొనిరి. వారు చేసినది రక్తమును పరీక్షించుట, తిండిని లెక్కించుట, మోతాదును మార్చుట, తప్పు జరిగినచో మరల సరిదిద్దుట. ఇది శాస్త్రీయ పద్ధతి. ప్రయోగశాలలో మన విద్యార్థులు నేర్చునదియు ఇదియే.

సంకల్పము చాలునను వాదమును పూర్తిగా ఖండించు ఉదాహరణము ఒకటి కలదు. జాన్ బ్లేస్ అను అమెరికా ట్రయథ్లాన్ క్రీడాకారునికి 2005లో ఏ.ఎల్.ఎస్. అను నాడీవ్యాధి కలదని తెలిసెను. కండరములను నడుపు నాడీకణములు క్రమముగా నశించుట దీని లక్షణము. అదే సంవత్సరము అతడు హవాయి ఐరన్‌మాన్ పందెమును గడువులోగా ముగించెను. 2007లో మరణించెను. అతని సంకల్పములో లోపమున్నదని ఎవరనగలరు? “దృఢసంకల్పమునకు జబ్బు లొంగును” అని చెప్పు కథనము, తెలియకయే, మరణించినవారి సంకల్పమును తక్కువ చేయుచున్నది. ఇంతకంటె అన్యాయము వేరొకటి లేదు.

అయితే ఈ వీరగాథలు చేసిన మేలును కూడ ఒప్పుకొనవలెను. దీర్ఘవ్యాధి యున్న పిల్లవానిని ఆటస్థలమునకు పంపరాదను పాత భయమును పోగొట్టుటలో వాటికి పాత్ర కలదు. గేరీ హాల్‌కు మొదట లభించిన సలహా ఆ భయము నుండి పుట్టినదే. నేటికిని డ్రిల్లు పీరియడులో తరగతిగదిలో ఒంటరిగా కూర్చుండు పిల్లలు కలరు. వ్యాయామము మధుమేహముగల బాలునికి మేలు చేయును. తగిన మందు వాడుచున్న ఉబ్బసపు బాలునికి కూడ మేలు చేయును. కాని “నీవు ఆడరాదు” అనుటయు, “మనసుంటే చాలును, పరుగెత్తుము” అనుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు. రెండింటిలోను కొలత లేదు.

మిడుతూరు వంటి మండలములో ఈ మాట ఊరక చెప్పునది కాదు. బడికి సైకిలు, మైదానమున పరుగు, బావిలోనో కె.సి. కాలువలోనో ఈత: ట్రయథ్లాన్ అను పేరు వినని పిల్లలకు కూడ ఈ మూడును తెలిసినవే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి ఎండలో పరుగెత్తిన ఏ పిల్లవానికైనను చెమట పట్టును, కాళ్లు వణకును. చక్కెర పడిపోయినపుడు కనిపించు గుర్తులును ఇవియే! ఎండదెబ్బ యని పొరబడి నీడలో పండుకొనబెట్టి ఊరకుండినచో విలువైన నిమిషములు గడచిపోవును. నీటిలో నున్నప్పుడు చెమట తెలియదు. స్పృహ తప్పినచో పిలుచుటకు వ్యవధి ఉండదు. కనుక ఇన్సులిన్ తీసికొను పిల్లవాడు ఒంటరిగా ఈదరాదు; పారుచున్న కాలువలో ఎంతమాత్రము దిగరాదు.

ఉపాధ్యాయులకు తెలియవలసిన లెక్క పెద్దది కాదు. వ్యాయామమునకు ముందు చక్కెర 90 కంటె తక్కువ యున్నచో 15 నుండి 30 గ్రాముల పిండిపదార్థము తినిపింపవలెను. 250 మించి, కీటోనులు కూడ ఉన్నచో వ్యాయామము మానవలెను. ఆటలో 70 కంటె తగ్గినచో మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజునో నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. పరీక్షించు సాధనము అందుబాటులో లేక అనుమానము కలిగినపుడు ముందు చక్కెర ఇచ్చుటయే మేలు. స్పృహ తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు. వెంటనే ఆస్పత్రికి చేర్పవలెను. ఇన్సులిన్ ఎండకు చెడిపోవును. ఫ్రిజ్ లేనిచోట తడిపిన మట్టికుండ దానిని చల్లగా ఉంచును. ఏ పిల్లవానికి ఎంత మోతాదు అనునది వైద్యుడు నిర్ణయింపవలెను.

నేడు చర్మమునకు అంటించుకొను గ్లూకోజు సాధనములు వచ్చినవి. ఇవి కూడ మంత్రములు కావు. అవి రక్తమును గాక కణముల నడుమ నుండు ద్రవమును కొలుచును. కనుక చక్కెర వేగముగా మారునపుడు కొన్ని నిమిషములు వెనుకబడి చూపును. నీటిలో వాటి రేడియో సంకేతము సరిగా అందదు. సాధనమును నమ్ముటకు ముందు దాని పరిమితిని తెలిసికొనుట కూడ విజ్ఞానమే.

కాబట్టి దీర్ఘవ్యాధిగల క్రీడాకారుని గూర్చి వ్రాయువారిని మనము కోరవలసినది ప్రశంసను తగ్గించుమని కాదు. దానికి ఆధారము చూపుమని. అతడు ఏమి తినెను? ఎన్నిమార్లు పరీక్షించెను? ఏ దినమున పందెమును విరమించెను? అతని వెంట ఎవరుండిరి? మందులకు ఎంత ఖర్చయ్యెను? ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చు కథనము చదివిన మిడుతూరు బాలుడు తన జబ్బును గూర్చి సిగ్గుపడడు, దానిని దాచడు. దాచనివానిని కాపాడుట సులభము.

ఇకముందు ప్రార్థన సమయమున ఇట్టి వార్త చదివినపుడు పిల్లలను తప్పక చప్పట్లు కొట్టనీయవలెను. తరువాత తరగతిలో ఒక ప్రశ్న వేయవలెను: “బయలుదేరునప్పుడు అతని రక్తములో చక్కెర ఎంత యుండెనో ఈ వార్తలో ఉన్నదా?”