ఎనిమిది వందల మందిని చదివిన తీరు

2020 ఏప్రిల్‌లో పాతబస్తీ కేన్సర్ రోగులను పీడించిన ప్రశ్న ఒక్కటే: కీమోకి వెళ్లాలా, మానాలా? శాలిబండ నుంచో యాకుత్‌పురా నుంచో మూసీ దాటి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రికి చేరడం మామూలు రోజుల్లోనే పూట పని. 1955లో మొదలైన ఆ ప్రభుత్వ ఆస్పత్రి పేదలకు పెద్ద దిక్కు. లాక్‌డౌన్‌లో బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎలాగో చేరినా అక్కడ కరోనా అంటుకుంటుందేమోనన్న భయం. మానేస్తే గడ్డ ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పిన ఒక పరిశోధనను పరిచయం చేయాలని ఈ వ్యాసం. కరోనా మీద వచ్చిన వేలాది పత్రాల్లో నేను మళ్లీ మళ్లీ తెరిచి చూసేది అదే.

రోగుల భయం ఉత్తుత్తిది కాదు. కీమో మందు కేన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో పుట్టే తెల్లరక్తకణాలనూ దెబ్బతీస్తుంది. మందెక్కించిన వారం పది రోజులకు వార్డులో వినపడే ‘కౌంట్ పడిపోయింది’ అన్న మాట దీని గురించే. అప్పుడు జ్వరం తగిలితే అది కరోనానా, ఇంకో ఇన్‌ఫెక్షనా అని తేల్చడం డాక్టర్లకే కష్టం. ఛాతీకి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న వాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలే వాపు స్కాన్‌లో కరోనా మచ్చల్లాగే కనబడవచ్చు.

దానికి తోడు 2020 ఫిబ్రవరిలో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చిన చైనా నివేదిక ఒకటి. 1,590 మంది కరోనా రోగుల్లో కేన్సర్ ఉన్నవాళ్లు 18 మంది. వాళ్లలో 39 శాతం మందికి ఐసీయూలో వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది లేదా ప్రాణమే పోయింది. మిగతా వాళ్లలో 8 శాతం మందికే. అంతకు ముందు నెలలో కీమోగానీ ఆపరేషన్‌గానీ అయినవాళ్లు నలుగురుంటే ముగ్గురి పరిస్థితి విషమించింది. తొలి హెచ్చరికగా ఆ నివేదిక విలువైనదే. కాని కీమో ఆపాలో వద్దో తేల్చడానికి నలుగురు చాలరు.

నేను పరిచయం చేయదలచిన పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. బ్రిటన్‌లో లెనార్డ్ లీ, రేచల్ కెర్, గ్యారీ మిడిల్టన్ తదితర డాక్టర్లు మార్చి 18న పని మొదలుపెట్టారు. 55 కేన్సర్ కేంద్రాలను కలుపుకుని, కరోనా సోకిన ప్రతి కేన్సర్ రోగి వివరాలూ అప్పటికప్పుడు ఒకచోట చేరే ఏర్పాటు చేశారు. ఏప్రిల్ 26 నాటికి 800 మంది లెక్క తేలింది. మే నెలాఖరుకి పత్రం ‘లాన్సెట్’లో అచ్చయింది. వార్డులు నిండిపోతున్న రోజుల్లో, రోగులను చూస్తూనే చేసిన పని ఇది!

ఆ 800 మందిలో 226 మంది, అంటే 28 శాతం చనిపోయారు. ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోయుంటే జనం గుండె జారడమే మిగిలేది. పనితనమంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. చనిపోయినవాళ్లెవరు? వయసు మీరినవాళ్లు, మగవాళ్లు, బీపీ, గుండెజబ్బుల్లాంటివి ముందే ఉన్నవాళ్లు ఎక్కువ. మరి కీమో పాత్ర ఎంత? గత నాలుగు వారాల్లో కీమో పడినవాళ్లు 281 మంది. వాళ్లను మిగిలినవాళ్లతో గంపగుత్తగా పోల్చలేదు. వయసు, లింగం, ఇతర జబ్బుల తేడాలను లెక్కలోంచి తీసేసి పోల్చారు. పత్తర్‌గట్టీలో ముత్యాల వ్యాపారి ఒకే సైజు, ఒకే రంగు ముత్యాలను పక్కపక్కన పెట్టాకే మెరుపు గురించి మాట్లాడినట్టు. అలా పోల్చినప్పుడు, ఈ మధ్యే కీమో పడినందువల్ల చావులు పెరిగాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. కరెంటు, హార్మోన్ మందుల విషయంలోనూ అంతే.

ఆ డాక్టర్ల నిగ్రహం కూడా నాకు నచ్చింది. కీమోతో భయమే లేదని వాళ్లెక్కడా రాయలేదు. పరీక్షలో కరోనా తేలి, లక్షణాలున్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నామని పత్రంలోనే చెప్పారు. రోగుల సంఖ్య 1,044కి చేరాక అదే బృందం కేన్సర్ రకాలను విడదీసి చూసి, ఆగస్టులో ఆ ఫలితాలు వెల్లడించింది. లుకేమియా, లింఫోమా, మైలోమా లాంటి రక్త కేన్సర్లవాళ్లకు జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని, వాళ్లలో ఈ మధ్యే కీమో పడినవారికి ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. రొమ్ములో గడ్డ ఉన్న ఆవిడకూ లుకేమియా ఉన్న పెద్దాయనకూ ఒకే సలహా సరిపోదని దీంతో రూఢి అయింది.

మన దగ్గర ఈ కథకు ఇంకో పార్శ్వం ఉంది. అసలు ఆస్పత్రికి రానివాళ్లను ఎవరు లెక్కపెడతారు? దేశంలోని 41 కేన్సర్ కేంద్రాల రిజిస్టర్లు తిరగేసి కేన్సర్ ఆస్పత్రుల కూటమి అయిన నేషనల్ కేన్సర్ గ్రిడ్ ఆ పని చేసింది. 2019లో మార్చి నుంచి మే దాకా కొత్తగా పేరు నమోదు చేయించుకున్నవాళ్లు 1,12,270 మంది. 2020లో అవే నెలల్లో 51,760 మంది. పెద్ద ఆపరేషన్లు 17,120 నుంచి 8,677కి పడిపోయాయి. ఒక్కో రిజిస్టర్‌లో రెండేళ్ల అంకెలు పక్కపక్కన వేయడం చూడ్డానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది. కాని ఇంట్లోనే ఉండిపోయిన 60 వేల మంది అలా వేస్తేనే కనబడతారు. వాళ్ల గడ్డలు ఆ మూడు నెలలూ పెరుగుతూనే ఉన్నాయి. హైదరాబాద్‌లో సిటీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది సెప్టెంబరు 25న. పాతబస్తీ లోపలికి అప్పటికి మెట్రో లేనేలేదు.

అందుకే 2020 ఏప్రిల్‌లోనే ‘లాన్సెట్’లో వచ్చిన ఫాస్ట్-ఫార్వర్డ్ అనే ప్రయోగ ఫలితాన్నీ ఇక్కడే చెప్పుకోవాలి. ఆపరేషనైన రొమ్ము కేన్సర్ రోగులకు మూడు వారాల్లో 15 సార్లు పెట్టే కరెంటును ఒక్క వారంలో 5 సార్లకు కుదించినా, జబ్బు తిరగబెట్టకుండా అంతే బాగా కాపాడుతుందని అయిదేళ్లు కనిపెట్టి చూసి తేల్చారు. ఆ ప్రయోగం మొదలయ్యేనాటికి కరోనా ఊసే లేదు. శాలిబండ నుంచి ఆటో మాట్లాడుకుని రావాల్సిన మనిషికి మాత్రం పది రోజుల రాకపోకలు, పది రోజుల ఆటో కిరాయి, పది రోజుల వెయిటింగ్ హాలు తప్పుతాయి.