గురజాల భూముల పట్టిక: ఫ్లాష్ ఫిల్, ఫూఫా

గురజాల డివిజన్‌లో ఒక ఊరి భూముల జాబితాను ఎక్సెల్‌లో కొట్టేవాళ్లు ఖాతా నంబరు, పట్టాదారు పేరు ఒక్కసారే వేసి, ఆయన సర్వే నంబర్లన్నీ కింద కింద వేసుకుంటూ పోవడం మామూలే. చూడ్డానికి బాగానే ఉంటుంది. సర్వే నంబరు ప్రకారం సార్ట్ చేశారో, పేరు లేని వరుసలు ఎవరివో తెలియకుండా పోతాయి. ఇలాంటి పట్టికకు ఉదాహరణ చూపితే తానే మిగతాది సరిచేసే పద్ధతులు వచ్చాయి. వాటిలో రెండింటిని ఈ పట్టిక మీదే పెట్టి చూద్దాం.

మొదటిది ఫ్లాష్ ఫిల్. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో సుమిత్ గుల్వానీ 2011లో ప్రచురించిన పని నుంచి పుట్టి, ఎక్సెల్ 2013లో చేరింది. సర్వే నంబరు 145-2బి పక్క సెల్‌లో 145 అని కొట్టి కంట్రోల్, ‘ఈ’ మీటలు కలిపి నొక్కితే మిగతావి నిండుతాయి. నిజానికి ఆ ఒక్క ఉదాహరణకు చాలా సూత్రాలు సరిపోతాయి. గీతకు ముందున్నదంతా కావచ్చు, మొదటి మూడు అక్షరాలు కావచ్చు, మొదట కనిపించే సంఖ్య కావచ్చు. ఇలాంటి వాటిలో దేన్ని ముందు నిలపాలో మెషీన్ లెర్నింగ్‌తో తేల్చే పద్ధతిని రిషభ్ సింగ్, గుల్వానీ 2015లో ప్రకటించారు. వేగంలో ఫ్లాష్ ఫిల్‌ను మెచ్చుకోవాల్సిందే. కానీ ఏ వరుసను నింపేటప్పుడు ఆ వరుసనే చూస్తుంది. పై వరుసలోని పట్టాదారు పేరు దానికి అందదు. పైగా సెల్‌లో మిగిలేది జవాబే, సూత్రం కాదు. రేపు సర్వే నంబరు దిద్దినా పక్క సెల్ మారదు.

రెండోది మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో తెచ్చిన ఫూఫా. దానికి ఒక్క సెల్ కాదు, పట్టిక ముక్కనే ఇవ్వాలి. ఇప్పుడున్న ముక్క ఒకటి, అది ఎలా మారాలో చూపే ముక్క ఇంకొకటి. రెండింటి మధ్య దూరం కొలుచుకుంటూ మెట్లు వెతుకుతుంది: ఖాళీలో పై విలువ నింపడం, సెల్‌ను విడగొట్టడం, కాలమ్‌లను వరుసలుగా మార్చడం. మన పట్టికకు కావలసింది ఇదే. ఆ మెట్లు చదువుకోనూ వచ్చు. ఒకరి భూమి ఇంకొకరి పేరున పడితే ఏ మెట్టులో పడిందో వెతికి చూపగలగాలి. అందుకే నా ఓటు దీనికి. 2023 నాటి ఆటో టేబుల్స్ అనే పద్ధతి ఉదాహరణ కూడా అడగకుండా మెట్లు ఊహిస్తుంది. భూమి లెక్కలకు అంత చొరవ నాకు నచ్చలేదు.

అయితే ఫ్లాష్ ఫిల్, ఫూఫా రెండూ ఆగిపోయే చోటు కృష్ణ ఒడ్డునే ఉంది. గురజాలలో 3.20 అంటే మూడెకరాల ఇరవై సెంట్లు. ఏరు దాటి నల్గొండ వైపు అదే 3.20 మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఎక్సెల్ దాన్ని 3.2 చేసి చూపిస్తుంది. సెంట్లలో నష్టం లేదు. గుంటల్లో రెండా, ఇరవయ్యా? చుక్క దగ్గర విడగొట్టడం రెండు పద్ధతులూ నేర్చుకుంటాయి. ఆ ముక్క సెంట్లో గుంటలో అంకెల్లో ఎక్కడా లేదు కాబట్టి, ఎన్ని ఉదాహరణలిచ్చినా నేర్చుకోలేవు. జిల్లా పేరుకు ఒక కాలమ్ ఉండాలి, విస్తీర్ణం కాలమ్‌ను కొట్టకముందే టెక్స్ట్‌గా మార్చాలి.

ఫూఫా ఆఫీసుల్లో దొరికే సరుకు కాదు. కానీ ఎక్సెల్‌లోని పవర్ క్వెరీలో ఖాళీలో పై విలువ నింపే ఫిల్ డౌన్ ఉంది, చేసిన మెట్లు పక్కనే వరుసగా కనిపిస్తాయి. ఉదాహరణ నుంచి కాలమ్ తయారుచేస్తే అది పట్టుకున్న సూత్రాన్ని కూడా చూపిస్తుంది. ఫ్లాష్ ఫిల్ అలవాటైన రెవెన్యూ సిబ్బందికి ముందు నేర్పాల్సింది పవర్ క్వెరీనే.