ఆ అమ్మాయి చేపల్నే చూడనివ్వండి

మా పక్కింటి అమ్మాయికి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. కంటి పరిశోధనలో పీహెచ్‌డీకి చేరుతోంది, అదీ జీబ్రా చేపల మీద. ఈ వారమంతా నాకు అదే సంతోషం. వాళ్ళ నాయనమ్మకు మాత్రం మింగుడు పడలేదు. "నెలకు 37 వేలిచ్చి చేపల్ని చూడమంటారా? ఆ డబ్బుతో ఎన్ని శుక్లాల ఆపరేషన్లవుతాయే!"

ఆవిడ అన్నది నా పాత పాటే. ప్రజల సొమ్ముతో జరిగే పరిశోధన పేషెంటు దాకా రావాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. అప్పుడల్లా నేను చూపించేది మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రినే.

అక్కడికొచ్చే కేసు ఒకటి చెబుతాను. చిన్నపిల్లాడు సున్నం పొట్లాన్ని గట్టిగా నొక్కుతాడు. అది చిట్లి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున మూలకణాలుంటాయి. నల్లగుడ్డు మీద రోజూ అరిగే పొరను నింపేవి అవే. అవి కాలిపోతే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా పాకివచ్చి చూపును మూసేస్తుంది. కార్నియా మార్చినా నిలవదు. 2001 నుంచి ఆ ఆసుపత్రిలో, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, మాయ నుంచి తీసిన ఉమ్మపొర మీద ల్యాబ్‌లో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికేవారు. 2011లో ప్రచురించిన 200 మంది ఫలితాల్లో 71 శాతం మందికి అది కుదిరింది. మరుసటి ఏడాది డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబే అక్కర్లేదని చూపించింది. ఆ ముక్కను నలుసులుగా కోసి, కంటి మీదే పరిచిన ఉమ్మపొరకు జిగురుతో అంటిస్తే చాలు, కణాలు అక్కడే పెరుగుతాయి. దాని పేరు స్లెట్. ఖర్చు బాగా తగ్గింది.

నాయనమ్మకు ఇదే చెప్పబోయి ఆగాను. కంటి మీద ఆ కణాలు పెరుగుతాయన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏళ్ళ తరబడి గాజు పళ్ళేల్లో అవి పెరగడం చూడబట్టే కదా! స్లెట్ పరిశోధన పత్రం మీద సర్జన్ల పేర్ల సరసన, ఏనాడూ ఆపరేషన్ చేయని బాలసుబ్రమణియన్ గారి పేరూ ఉంది. ఆయన కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి ఒకప్పటి డైరెక్టరు. ల్యాబును తీసేయగలిగింది ల్యాబులో గడిపినవాళ్ళే.

జీబ్రా చేప రెటీనా దెబ్బతింటే మళ్ళీ మొలుస్తుంది. రెటీనాలో ముల్లర్ అనే కణాలు దానికీ ఉన్నాయి, మనకూ ఉన్నాయి. దానిలో అవి కొత్త నాడీకణాలను పుట్టిస్తాయి, మనలో మచ్చకట్టి ఊరుకుంటాయి. ఎందుకన్నది తెలియాలంటే ఎవరో ఒకరు ఏళ్ళ పాటు ఆ చేపల్ని చూడాల్సిందే. అన్నాళ్ళూ ఒక్క పేషెంటూ కనిపించకపోవచ్చు. అయినా ఫెలోషిప్ డబ్బు ఇవ్వాలి. రెండేళ్ళ జేఆర్‌ఎఫ్ ముగిసి, 42 వేల ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్‌కు) మార్చేటప్పుడు ఆ అమ్మాయిని "దీనివల్ల ఎవరికి చూపొచ్చింది?" అని అడగకూడదు. అంతకంటే ముందు, ఆ డబ్బు నెలనెలా పడాలి. ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోతే హాస్టల్ ఫీజుకు అప్పు చేసే స్కాలర్లను చూస్తూనే ఉన్నాం. శుక్లాల ఆపరేషన్లకూ డబ్బు కావాలి, నాయనమ్మా, నిజమే. అది మరో పద్దులోంచి అడుగుదాం, నేనూ మీతో వస్తాను.